కరెంటు పోయిన రోజుకు ఏ రేడియో?

2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో దాదాపు అంతటా ఒక్కసారిగా కరెంటు పోయింది. రైళ్లు దారి మధ్యలో ఆగిపోయాయి, కూడళ్లలో సిగ్నల్ దీపాలు ఆరిపోయాయి. గంటలు గడిచేకొద్దీ సెల్‌టవర్ల బ్యాటరీలు కూడా అడుగంటి చాలాచోట్ల ఫోన్లు మూగబోయాయి. ఆ పూట జనం ఎగబడి కొన్న వస్తువుల్లో బ్యాటరీ సెల్లుతో నడిచే చిన్న ట్రాన్సిస్టర్ రేడియో ఒకటి. చాలా దుకాణాల్లో ఉన్నవన్నీ చూస్తుండగానే అయిపోయాయి. దొరికినవాళ్ల చుట్టూ వీధుల్లో గుంపులు చేరి వార్తలు విన్నాయి.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ ‘అత్యవసర రేడియో’ అనే సరుకుకు గిరాకీ పెరుగుతుంది. ఆ పేరుతో అమ్మే పెట్టెల్లో చాలావాటి వాలకం ఒక్కటే. పక్కన తిప్పే పిడి, నెత్తిన సోలార్ ఫలక, ముందు టార్చి, వెనక చదువుకునే దీపం, ఎర్ర మీట నొక్కితే సైరన్, ఫోను చార్జింగుకు ఒక రంధ్రం. కొన్నిటికి దిక్సూచి కూడా తగిలిస్తారు. ఇన్ని చెప్పాక ఎక్కడో మూలన ఏయే బ్యాండ్లు, అంటే ఏయే తరంగాల శ్రేణులు, వస్తాయో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అసలు కంటే కొసరే ఎక్కువ.

ఎంపికను ఈ పెట్టె దగ్గర మొదలుపెడితే తికమక తప్పదు. అవతలి కొసన, అంటే ప్రసారం చేసే స్టేషన్ దగ్గర మొదలుపెట్టాలన్నది నా వాదన. కరెంటు లేని రోజున మనకు వినిపించే స్టేషన్ ఏది? అది ఎంత దూరంలో ఉంది? ఏ బ్యాండులో వస్తుంది? ఈ మూడూ తేలాయంటే కొనాల్సిన రేడియో సగం తేలినట్టే. అవి తేల్చుకోకుండా ఎంత ఖరీదైన పెట్టె కొన్నా, అది గరగరమంటూ కూర్చోవచ్చు.

మిగిలే స్టేషన్ ఏది?

విపత్తులో స్టేషన్లు కూడా పడిపోతాయి. టవర్లు కూలుతాయి, స్టూడియోల్లోకి నీళ్లు వస్తాయి, జనరేటర్లో డీజిల్ నిండుకుంటుంది. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరాన్ని ముంచినప్పుడు, 870 కిలోహెర్ట్జ్ మీద 50 కిలోవాట్ల శక్తితో పనిచేసే డబ్ల్యూడబ్ల్యూఎల్ అనే మీడియం వేవ్ స్టేషన్ ప్రసారం ఆపలేదు. మామూలు రోజుల్లో పోటీపడే కంపెనీల సిబ్బంది కూడా అక్కడికే చేరి ఒకే ఉమ్మడి ప్రసారం నడిపారు. అంటే ఆ రోజు ఊళ్లో మిగతా పౌనఃపున్యాల మీద, అంటే డయలు మీది మిగతా అంకెల దగ్గర, ఎంత వెతికినా, అసలు సమాచారం దొరికే చోటు ఒకటే.

ఈ అనుభవాలు ఎరిగిన ప్రభుత్వాలు కొన్ని స్టేషన్లను ముందే ఎంచి గట్టిపరుస్తాయి. అమెరికాలో జాతీయ హెచ్చరికలకు మూలంగా 77 స్టేషన్లను గుర్తించి, వాటికి జనరేటర్లు, ఇంధన నిల్వలు సమకూర్చారు. స్వీడన్ ప్రభుత్వం 2018లో ఒకసారి, 2024లో మరోసారి ఇంటింటికీ పంపిన చిన్న పుస్తకంలో బ్యాటరీ రేడియో దగ్గర పెట్టుకోమని చెప్పింది. అక్కడ సంక్షోభ సమాచారానికి ప్రభుత్వ రేడియోకు చెందిన పీ4 చానల్ ఉంది. వినేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే సలహా లేదు, ఎందుకంటే ఏ చానల్ పట్టుకోవాలో తెలిసిపోయింది.

జపాన్ అనుభవం ఇందుకు కొంత భిన్నం. 2011 మార్చి 11 భూకంపం, సునామీ తర్వాత దెబ్బతిన్న పట్టణాల్లో స్థానిక సంస్థలు తాత్కాలిక విపత్తు ఎఫ్ఎం స్టేషన్లు తెరిచాయి. ఇరవైకి పైగా పట్టణాల్లో అలాంటివి నడిచాయి. నీళ్లు ఎక్కడ పంచుతున్నారు, ఏ ఆసుపత్రి తెరిచి ఉంది, ఎవరు ఏ శిబిరంలో ఉన్నారు అనే కబుర్లు పెద్ద జాతీయ స్టేషన్ నుంచి రావు. ఇలాంటి చిన్న స్టేషన్ల నుంచే వస్తాయి. కానీ విపత్తు తర్వాత పుట్టే స్టేషన్ పౌనఃపున్యం ముందే రాసిపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. కాబట్టి రేడియోలో ముందే భద్రపరిచిన చానళ్లు మాత్రమే ఉంటే చాలదు, బ్యాండంతా వెతికే సౌకర్యమూ కావాలి. తిప్పే డయలున్న పాత పద్ధతి రేడియోకు ఇది పుట్టుకతోనే వచ్చిన విద్య.

మూడో రకం ఆపద యుద్ధం. 2022 మార్చిలో బీబీసీ యుక్రెయిన్‌కు, రష్యాలో కొంత భాగానికి వినిపించేలా రోజుకు నాలుగు గంటల ఇంగ్లీషు వార్తల్ని షార్ట్ వేవ్‌లో మొదలుపెట్టింది. ఇంటర్నెట్ యుగంలో షార్ట్ వేవ్ అక్కర్లేదనుకున్నవాళ్లు కాస్త ఆగి ఆలోచించాల్సి వచ్చింది. అయితే ఎదురు ఉదాహరణా ఉంది. ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థ 2017 జనవరి 31న తన షార్ట్ వేవ్ సేవను పూర్తిగా ఆపేసింది. ఉత్తరాన మారుమూల ప్రాంతాల్లోనూ పసిఫిక్ దీవుల్లోనూ దానిమీదే ఆధారపడినవాళ్లు గగ్గోలు పెట్టినా లాభం లేకపోయింది. అదే ఏడాది నార్వే తన జాతీయ చానళ్లను ఎఫ్ఎం నుంచి తొలగించి డిజిటల్‌కు మార్చింది, ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. స్థానిక స్టేషన్లు మాత్రం చాలావరకు ఎఫ్ఎంలోనే ఉండిపోయాయి. పదేళ్ల కిందటి జాబితా చూసుకుని రేడియో కొంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

తరంగం నడిచే దారి

బ్యాండ్ల గురించి చాలామంది ‘ఎన్ని ఉంటే అంత మంచిది’ అనుకుంటారు. ప్రతి బ్యాండుకూ దాని దూరం, దాని బలహీనత ఉన్నాయి.

మీడియం వేవ్ పగటిపూట నేలను అంటిపెట్టుకుని నడుస్తుంది. కొండ అడ్డొచ్చినా కొంతవరకు వంగి అవతలికి పోతుంది. శక్తిమంతమైన స్టేషనైతే వంద కిలోమీటర్లు సునాయాసంగా దాటుతుంది. ఉప్పునీటి మీదుగా ఇంకా దూరం పోతుంది. సూర్యాస్తమయం తర్వాత ఆట మారుతుంది. భూమికి చాలా ఎత్తున విద్యుదావేశంతో ఉండే గాలి పొరలను అయనావరణం అంటారు. పగలు ఈ తరంగాలను పీల్చేసుకునే దాని అడుగు పొర రాత్రి కరిగిపోతుంది. అప్పుడు పైపొరలు వాటిని అద్దంలా తిప్పి కొడతాయి. వందల కిలోమీటర్ల అవతలి స్టేషన్లు గదిలోకి వచ్చేస్తాయి. వినడానికి అది సరదాగానే ఉంటుంది, కానీ మనకు కావలసిన స్టేషన్ మీద దూరపు స్టేషన్ వచ్చి కూర్చోవడమూ రాత్రే జరుగుతుంది.

ఎఫ్ఎం కంటిచూపు లాంటిది. టవర్ కొస నుంచి మన యాంటెన్నా దాకా దారి దాదాపు తెరిపిగా ఉండాలి. దూరం అంచనాకు తేలికైన లెక్క ఒకటుంది. యాంటెన్నా ఎత్తు ఎన్ని మీటర్లో దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే అన్ని కిలోమీటర్లు. టవర్‌కూ మనకూ విడివిడిగా కట్టి కూడాలి. 150 మీటర్ల టవర్‌కు సుమారు 50, నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో ఉన్న మనకు 6, మొత్తం 56 కిలోమీటర్లు. ఆ పరిధి దాటాక శబ్దం పలచబడిపోతుంది. దగ్గర్లో ఎఫ్ఎం స్టేషన్ ఉండి, దానికి జనరేటర్ కూడా ఉంటే, తేటగా వినడానికి అంతకన్నా మంచిది లేదు. ఆ స్టేషన్ కూడా అదే విపత్తులో చిక్కుకుంటే మాత్రం ఆ పరిధి బయటి స్టేషన్ కావాలి. అందుకే ఎఫ్ఎం ఒక్కటే ఉన్న బుల్లి రేడియోను ఆపద కోసమని కొనవద్దంటాను, మీ ప్రాంతంలో మీడియం వేవ్ పూర్తిగా మూతపడి ఉంటే తప్ప.

షార్ట్ వేవ్ మరో లోకం. ఆకాశంలో తగిలి తిరిగొచ్చే తరంగాల మీదే దాని బతుకు. పగలు 15 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో బాగా వినిపించేది రాత్రి అక్కడ మాయమై, వేరే స్టేషన్లు 6 మెగాహెర్ట్జ్ దగ్గర తేలుతాయి. సూర్యుడిలో పెద్ద జ్వాల లేస్తే పగలున్న అర్ధగోళంలో కాసేపు మొత్తం నిశ్శబ్దమే. దేశమంతా సమాచారం ఆగిపోయినా, ఎవరైనా ఆపేసినా పనికొచ్చేది ఇదే. ఊళ్లో వరద ఎప్పుడు తగ్గుతుందో తెలుసుకోవడానికి మాత్రం పనికిరాదు. నడపడమూ కొంత నేర్చుకోవాలి. కాబట్టి ఇది ఉంటే మంచిదే గాని, దీనికోసం మీడియం వేవ్‌లో నాసిరకం రేడియో తెచ్చుకోవద్దు.

డిజిటల్ రేడియోలో, అంటే డీఏబీలో, సిగ్నల్ ఉన్నంతసేపు గరగర ఉండదు. లేనప్పుడు అసలేమీ ఉండదు. ఎఫ్ఎంలో అయితే బలహీనమైన ప్రసారాన్ని కూడా చెవి రిక్కించి సగం మాటలు పోల్చుకోవచ్చు. పైగా డీఏబీ రేడియో అదే పనికి ఎఫ్ఎం కన్నా ఎక్కువ కరెంటు తింటుంది. నార్వే లాంటి చోట వేరే గతి లేదు, అక్కడ రెండూ వచ్చే రేడియో తీసుకుని సెల్లు రెట్టింపు దాచుకోవాలి.

ఇక ‘వాతావరణ బ్యాండ్’. ఆన్‌లైన్‌లో అమ్మే అత్యవసర రేడియోల్లో చాలావి దీన్నే గొప్పగా చాటుకుంటాయి. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు చానళ్లు, వాటి మీద రాత్రింబవళ్లు వాతావరణ సమాచారం. అమెరికాలో వెయ్యికి పైగా ట్రాన్స్‌మిటర్లు ఈ పని చేస్తాయి. ప్రమాదం ముంచుకొస్తే ట్రాన్స్‌మిటర్ ఒక ప్రత్యేక ధ్వని పంపుతుంది. మూగగా ఉన్న రేడియో దానంతటదే నిద్రలేచి మోగుతుంది. మంచి రకాల్లో మన జిల్లా సంకేతం ఇస్తే పక్క జిల్లా హెచ్చరికలకు అర్ధరాత్రి లేపకుండా ఊరుకుంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లు ఇది తప్పనిసరిగా కొనాలి. ఆ సేవ లేని దేశంలో ఆ మీట నొక్కితే వినిపించేది ఒట్టి హోరు. ఆ ఒక్క మీట కోసం ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

దేశం మారితే వచ్చే చిక్కులు మరో రెండున్నాయి. ఉత్తర, దక్షిణ అమెరికాల్లో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్, మిగతా ప్రపంచంలో 9. అంకెలతో ట్యూన్ అయ్యే రేడియో 10 చొప్పున మాత్రమే గెంతుతుంటే, 873 మీద ఉన్న స్టేషన్ కోసం 870 దగ్గరే ఆగిపోవాలి, మాట ముద్దగా వినిపిస్తుంది. 9, 10 మార్చుకునే ఏర్పాటు ఉందో లేదో చూడాలి. రెండోది, జపాన్‌లో ఎఫ్ఎం బ్యాండ్ 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 95 దగ్గర ముగుస్తుంది. ఆ దేశం కోసం తయారైన పాత రేడియో మరో దేశానికి వస్తే 108 దాకా ఉన్న స్టేషన్లలో చాలావాటిని అందుకోలేదు.

పిడి తిప్పితే ఎంత వస్తుంది?

చేత్తో తిప్పి నడిపే రేడియోకు గౌరవప్రదమైన చరిత్ర ఉంది. ఆఫ్రికాలో ఎయిడ్స్ సమాచారం మారుమూలలకు చేరడంలేదని టీవీలో చూసిన బ్రిటిష్ ఆవిష్కర్త ట్రెవర్ బేలిస్ 1991లో స్ప్రింగుతో నడిచే రేడియో తయారుచేశాడు. కరెంటూ లేదు, సెల్లు కొనే స్తోమతా లేదు అన్నచోట అది నిజంగా పనికొచ్చింది. ఇప్పటి పెట్టెల్లో స్ప్రింగు లేదు. చిన్న డైనమో, దాని వెనక చిన్న బ్యాటరీ ఉంటాయి. ఇక్కడే లెక్క వేసుకోవాలి.

పిడి తిప్పే చేతి నుంచి ఆ బుల్లి డైనమోకు రెండు వాట్లు వస్తున్నాయనుకుందాం. నిమిషం తిప్పితే 120 జౌళ్ల శక్తి (జౌల్ అంటే ఒక వాటు ఒక సెకను పాటు). డైనమోలో, బ్యాటరీలోకి ఎక్కించడంలో సగం పోయిందనుకుంటే 60 మిగులుతాయి. మూడు వోల్టుల దగ్గర 50 మిల్లీ ఆంపియర్లు వాడే రేడియోకు కావలసింది 0.15 వాట్లు. అంటే నిమిషం శ్రమకు ఏడు నిమిషాలకు కాస్త తక్కువ వార్తలు. ఇది తీసిపారేయాల్సింది కాదు. మరేమీ లేని రాత్రి అది చాలు. కానీ అదే పిడితో ఫోను నింపుతానంటే సంగతి వేరు. 4000 మిల్లీ ఆంపియర్ అవర్ల ఫోను బ్యాటరీలో సుమారు 15 వాట్ అవర్లు, అంటే 54 వేల జౌళ్లు, పడతాయి. నిమిషానికి 60 జౌళ్ల చొప్పున అది నిండాలంటే పదిహేను గంటలు ఆగకుండా తిప్పాలి. ‘ఫోను చార్జింగ్ సౌకర్యం’ అన్న మాట అబద్ధం కాదు, పేరు గొప్ప ఊరు దిబ్బ అంతే. రెండు మూడు నిమిషాల కాల్‌కో, ఒక సందేశానికో సరిపడా శక్తి రావచ్చు. ఆ ప్లాస్టిక్ పిడి అంతసేపు బతికి ఉంటుందా అన్నది మరో ప్రశ్న.

సోలార్ ఫలక సంగతి వింతగా ఉంటుంది, అందరూ దాన్ని తక్కువ అంచనా వేస్తారు. పది సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఫలక మీద నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు పడేది 4 వాట్ల ఎండ. అందులో ఆరో వంతు కరెంటుగా మారినా 0.7 వాట్లకు మించదు. వాలుగా పడే ఎండ, మబ్బు, దుమ్ము తీసేస్తే సగటున 0.3 అనుకోవచ్చు. ఐదు గంటల ఎండలో అది ఒకటిన్నర వాట్ అవర్. ఫోనుకు అది ఏ మూలకూ రాదు గాని, రేడియోకు చాలా గంటలు సరిపోతుంది. చిక్కేమిటంటే తుఫాను రోజుల్లో ఎండ ఉండదు. ఎండ ఉన్న రోజున నల్లటి ప్లాస్టిక్ పెట్టెను గంటల తరబడి కాల్చితే లోపలి లిథియం బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది.

వీటన్నిటి కన్నా నిఖార్సయిన శక్తి అంగట్లో దొరికే ఏఏ సైజు సెల్లు. మంచి ఆల్కలైన్ సెల్లు సన్నటి ధారగా వాడుకుంటే 2500 మిల్లీ ఆంపియర్ అవర్ల వరకు ఇస్తుంది. మన లెక్కలోని రేడియోకు అది యాభై గంటలు. గంటకోసారి పది నిమిషాల వార్తలు విని ఆపేస్తే, మెలకువగా ఉండే పదహారు గంటల్లో వాడకం మూడు గంటలు దాటదు. ఒక్క జత సెల్లు రెండు వారాలు దాటి వస్తాయి. పెట్టెలో పిడి ఉందా లేదా అన్న ప్రశ్న కన్నా మామూలు సెల్లు వేసుకునే గూడు ఉందా లేదా అన్నది వందరెట్లు ముఖ్యం. ఆశ్చర్యం ఏమిటంటే ‘అత్యవసర’ అని రాసిన పెట్టెల్లో చాలావాటికి ఈ గూడే ఉండదు. బిగించేసిన బ్యాటరీ ఒకటి లోపల ఉంటుంది. అది అల్మరాలో మూడు నాలుగేళ్లు ఖాళీగా పడి ఉండి చచ్చిపోతే, పిడి తిప్పినా కరెంటు నిలవడానికి చోటుండదు. విప్పి మార్చుకోగల బ్యాటరీ, దాంతోపాటు ఏఏ గూడు, యూఎస్‌బీ రంధ్రం, ఈ మూడూ ఉన్నదైతే పిడి ఉన్నా లేకున్నా ఫరవాలేదు.

ఇంట్లో ఎలాగూ ఉండే పవర్ బ్యాంకు ఇక్కడ మంచి తోడు. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్లది నష్టాలు పోను 30 వాట్ అవర్లయినా ఇస్తుంది. కాగితం మీద అది రెండు వందల గంటల రేడియో. కానీ చాలా పవర్ బ్యాంకులు అతి తక్కువ కరెంటు లాగే పరికరాన్ని చూసి, ఏదీ తగిలించలేదనుకుని తమంతట తామే ఆగిపోతాయి. రేడియో లోపలి బ్యాటరీ నింపడానికైతే ఆ తంటా ఉండదు. ఇంకో సంగతి, యూఎస్‌బీ తీగ తగిలించి ఉన్నంతసేపు మీడియం వేవ్‌లో కీచుమనే రొద వస్తుంది. నింపుకుని, తీగ పీకేసి వినాలి.

టార్చి ఉందని మురిసిపోకండి. దీపం, రేడియో ఒకే బ్యాటరీని తింటాయి, రాత్రి దీపం వెలిగించుకున్నవాడికి తెల్లవారి వార్తలు ఉండవు. టార్చి విడిగా ఉండాలి. స్పీకర్ బదులు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే వాడకం బాగా తగ్గుతుంది, పదిమంది పడుకున్న శిబిరంలో ఎవరి నిద్రా చెడదు. ఆ చిన్న గుండ్రటి రంధ్రం ఉందో లేదో కొనేముందు చూడండి.

వినికిడి బలం

రెండు రేడియోలకు ఒకే బ్యాండ్లు ఉండవచ్చు. ఒకటి దూరపు స్టేషన్‌ను పట్టుకుంటుంది, ఇంకొకటి పక్క ఊరిదాన్నే పట్టుకోలేదు. తేడా ఎక్కువగా యాంటెన్నాలో ఉంటుంది. ఎఫ్ఎం, షార్ట్ వేవ్‌లకు బయటికి లాగే లోహపు కడ్డీ పనిచేస్తుంది. 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు మూడు మీటర్లు, అందులో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. కడ్డీ దానికి దగ్గరగా ఉంటే ఎఫ్ఎం బాగా అందుతుంది. జానెడు కడ్డీ ఉన్న రేడియో ఆ మేరకు వెనకబడుతుంది. షార్ట్ వేవ్‌కు కొన్ని మీటర్ల మామూలు తీగను ఆ కడ్డీకి క్లిప్పుతో తగిలించి కిటికీలోంచి బయటికి వేలాడదీస్తే తేడా చెవికి తెలిసిపోతుంది. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం ఆ పని వద్దు.

మీడియం వేవ్‌కు ఆ కడ్డీతో సంబంధం లేదు. పెట్టె లోపల ఫెర్రైట్ అనే ఇనుము కలిసిన నల్లటి పదార్థపు కడ్డీకి సన్నటి తీగ చుట్టి ఉంటుంది, అదే యాంటెన్నా. అది పొడవుగా ఉన్నకొద్దీ మంచిది. పెద్ద రేడియోలు మీడియం వేవ్‌లో బాగా వినిపించడానికి, అరచేతిలో ఇమిడేవి తేలిపోవడానికి ముఖ్య కారణం ఇదే. దీనికి దిశ కూడా ఉంది. బలహీనమైన స్టేషన్ ఒకటి పెట్టి, రేడియోను బల్ల మీద ఉంచి నెమ్మదిగా గుండ్రంగా తిప్పి చూడండి. ఒక చోట మాట స్పష్టంగా ఉంటుంది. అక్కడి నుంచి పావు చుట్టు తిరిగేసరికి దాదాపు మాయమవుతుంది, ఇంకో పావు చుట్టుకు మళ్లీ వస్తుంది. రాత్రి ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు స్టేషన్లను విడదీయడానికి కూడా ఇదే కిటుకు, అక్కర్లేనిదాని వైపు ఫెర్రైట్ కడ్డీ కొసను తిప్పాలి. బయటి లోహపు కడ్డీని అటూ ఇటూ ఊపుతూ మీడియం వేవ్ బాగుచేయాలని చూసేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఇప్పటి రేడియోలన్నిటి లోపలా దాదాపు ఒకే రకం చిప్పులున్నాయి. ముల్లు తిరిగే డయలు చూసి పాతకాలపు రేడియో అనుకుంటాం గాని, దాని వెనక కూడా చాలాసార్లు డిజిటల్ చిప్పే ఉంటుంది. ఈ చిప్పులు పక్కపక్క స్టేషన్లను బాగా విడదీస్తాయి. ఒక దుర్గుణం మాత్రం ఉంది, సిగ్నల్ బలహీనమైతే హోరు వినిపించకూడదని శబ్దాన్నే తగ్గించేస్తాయి. మామూలు రోజుల్లో చెవికి హాయి. ఆపదలో సగం వినిపించే మాటను కూడా అది మింగేస్తుంది. కొన్ని రకాల్లో దీన్ని ఆపుకోవచ్చు, చాలావాటిలో కుదరదు. అంకెలు చూపే రేడియోలో పౌనఃపున్యం నొక్కి నేరుగా చేరుకోవచ్చు, ముసలివాళ్లకూ పిల్లలకూ ఒక మీటతో అందేలా భద్రపరచవచ్చు. అయితే ఆపి ఉంచినా గడియారం కోసం కొద్దికొద్దిగా సెల్లు తింటూనే ఉంటుంది. అల్మరాలో పెట్టి మరిచిపోయే రేడియోకు టక్కుమని శబ్దం చేసే నిజమైన స్విచ్చు మేలు.

ఇంట్లో కూర్చుని ‘ఈ రేడియోలో మీడియం వేవ్ రావడం లేదు’ అనేవాళ్లు చుట్టూ ఒకసారి చూసుకోవాలి. ఎల్ఈడీ దీపాలు, చార్జర్లు, ఇన్వర్టర్ అన్నీ ఆ బ్యాండులో రొద వెదజల్లుతాయి. వెలుగుతున్న ఎల్ఈడీ దీపం దగ్గరికి రేడియో తీసుకెళ్తే గరగర పెరగడం, ఆర్పితే ఆగిపోవడం చాలాసార్లు స్పష్టంగా తెలుస్తుంది. ఊరంతా కరెంటు పోయిన రోజున ఈ రొద మొత్తం అణిగిపోయి, ఎన్నడూ వినని స్టేషన్లు వినిపిస్తాయి. ఇనుప చువ్వలతో కట్టిన గోడలు, రేకుల పైకప్పు మాత్రం కరెంటుతో నిమిత్తం లేకుండా తరంగాన్ని అడ్డుకుంటాయి. కిటికీ దగ్గరికో ఆరుబయటికో వెళ్లాల్సిందే.

కొనకుండానే ఉన్న రేడియోలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కారులో ఉన్నది సాధారణంగా ఇంట్లోని ఏ చిన్న రేడియో కన్నా బాగా వింటుంది, దానికి పెద్ద బ్యాటరీ ఉంది. మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపకూడదు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. కొత్త విద్యుత్ కార్లలో కొన్నిటికి మీడియం వేవ్ తీసేశారు, మోటార్ల రొద దాన్ని చెడగొడుతుందని తయారీదారుల మాట. అమెరికాలో దీన్ని వెనక్కి తేవాలని 2023లో చట్టసభలో బిల్లు కూడా పెట్టారు. ఇక ఫోనులో ‘రేడియో’ అనే యాప్ ఉందని ధీమాగా ఉన్నవాళ్లు ఇంటర్నెట్ ఆపి ఒకసారి తెరిచి చూడండి. అది మోగకపోతే రేడియో కాదు, ఇంటర్నెట్ ప్రసారం. నిజమైన ఎఫ్ఎం చిప్పు ఉన్న ఫోన్లు ఇయర్‌ఫోన్ తీగనే యాంటెన్నాగా వాడుకుంటాయి. వాకీటాకీలు ఈ పనికి రావు, మాట్లాడుకోవడానికి వేరే సాధనమే గాని అవి స్టేషన్లను పట్టవు. చాలా దేశాల్లో వాటికి లైసెన్సు నిబంధనలూ ఉన్నాయి.

దాచేముందు

అమెరికాలో 1951 నుంచి 1963 దాకా కోనెల్‌రాడ్ అనే ఏర్పాటు ఉండేది. శత్రు విమానాలు రేడియో స్టేషన్ల సిగ్నల్ పట్టుకుని నగరాల మీదికి రాకుండా, హెచ్చరిక రాగానే మామూలు ప్రసారాలన్నీ ఆగి 640, 1240 కిలోహెర్ట్జ్ మీద మాత్రమే సమాచారం రావాలి. అందుకని ఆ రోజుల్లో అక్కడ అమ్మిన రేడియోల డయలు మీద ఆ రెండు చోట్లా చిన్న త్రికోణాలు ముద్రించేవారు. కంగారులో ఉన్న మనిషి ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ముల్లును ఆ గుర్తు దగ్గరికి తెస్తే చాలు. ఏర్పాటు పోయింది గాని ఆలోచన పాతబడలేదు. మీ ప్రాంతంలో విపత్తు సమాచారం ఇచ్చే స్టేషన్ల పౌనఃపున్యాలను, పగలు వచ్చేవి, రాత్రి వచ్చేవి విడివిడిగా, ఒక కాగితం మీద రాసి రేడియో వీపున అంటించండి. ఈ పనికి అర్ధగంట పడుతుంది. రేడియో ఎంపిక సరైనదో కాదో కూడా అప్పుడే తేలిపోతుంది, ఎందుకంటే ఆ స్టేషన్లు నిజంగా వినిపించాయా లేదా అని చూడకుండా కాగితం నిండదు. మిట్టమధ్యాహ్నం ఒకసారి, బాగా చీకటి పడ్డాక ఒకసారి, ఇంట్లో మీరు తలదాచుకునే గదిలోనే వినండి. రేడియో వాపసు తీసుకునే గడువు ముగియకముందే ఈ పని కావాలి.

సెల్లును రేడియోలో వేసి దాచవద్దు. ఆల్కలైన్ సెల్లు కాలక్రమాన కారి, ఆ క్షారం స్ప్రింగులను తినేస్తుంది. చవకరకం జింక్ కార్బన్ సెల్లు ఇంకా త్వరగా కారుతాయి. ప్యాకెట్ విప్పకుండా రేడియో పక్కనే ఉంచి, పాతవీ కొత్తవీ కలపకుండా వాడాలి. ఏళ్ల తరబడి కదపకుండా దాచేవాళ్లకు రీచార్జ్ కాని 1.5 వోల్టుల లిథియం ఏఏ సెల్లు మంచివి, తయారీదారులు వాటికి ఇరవై ఏళ్ల నిల్వ ఆయుష్షు చెబుతారు, కారడం చాలా అరుదు. రీచార్జ్ అయ్యేవి వాడాలనుకుంటే చార్జి నెమ్మదిగా కోల్పోయే రకం నికెల్ మెటల్ హైడ్రైడ్ తీసుకుని ఏడాదికోసారి నింపాలి. బిగించిన లిథియం అయాన్ బ్యాటరీ ఉన్న రేడియోనైతే సగం చార్జితో దాచి, మూడు నాలుగు నెలలకోసారి తీసి కాసేపు విని, మళ్లీ సగం దాకా నింపిపెట్టాలి. ఇప్పటికే కారిన సెల్లు దొరికితే కొద్దిగా వెనిగర్‌లో ముంచిన దూదితో స్ప్రింగులు తుడిచి, బాగా ఆరాక కొత్తవి వేసి చూడండి. తెల్లటి పొడి పోయి లోహం మెరిస్తే ఆ రేడియో ఇంకా పనికొస్తుంది.